ఆఖరి గుంత

ఊరి చివరి చేలల్లో అపార్ట్‌మెంట్ టవర్లు లేచే ముందు ఆ నేల అడుగున పాతకాలపువేమైనా ఉన్నాయేమో తవ్వి చూడడం ఉమాశ్రీ పని. మొదటి గుంత తవ్విన రోజు నుంచీ భర్త శ్యామ్ మాదాపూర్ ఆఫీసు నుంచి ఫోన్ చేస్తున్నాడు.

"ఏమన్నా దొరికిందా, ఉమా?"

తన ఉద్యోగాన్ని మట్టిపని అని వెక్కిరించే మనిషి ఇప్పుడింత ఆసక్తిగా అడుగుతుంటే ఆమెకు ముచ్చటేసేది.

ఇవాళ ఆఖరి గుంతలో రాతి పలకల మధ్య మనిషి పుర్రె కనిపించింది. ఈసారి తనే ఫోన్ చేసింది.

"శ్యామ్, సమాధి! వేల ఏళ్లనాటిది. ఇక ఇక్కడ టవర్లు కట్టనివ్వరు!"

అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"ఎవరికైనా చెప్పావా?"

"నీకే మొదట."

"ఎవరికీ చెప్పకు. ఆ టవర్లలోనే, కట్టకముందే తక్కువకి వస్తుందని ప్రీలాంచ్‌లో ఫ్లాట్ తీసుకున్నాను, నీ పేరు మీద. గృహప్రవేశానికి ముందు చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నా."

గుంతలో మట్టి తీస్తున్న ఆడకూలీ తలెత్తింది. "మేడం, ఇంకా తియ్యాల్నా, ఆపాల్నా?"

ఉమాశ్రీ ఆగమని చెయ్యి చూపించింది. గొంతు తగ్గించి ఫోన్లో అడిగింది.

"ఎన్నో అంతస్తు?"

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని తెలిసేసరికి ముఖం వేడెక్కింది. ఆ మాట చెవినపడ్డ కూలీ ఉమాశ్రీ వైపు చూడలేక, వంగి, పుర్రె మీద గోనెపట్టా కప్పింది.