తుప్పు రంపం

"ఈసారి ఈ రంపం నీ మెడలోనే, ఆర్విల్! కొత్త తాడు కూడా కట్టి తెచ్చాను," అన్నాడు డెల్బర్ట్.

ఆర్విల్ పకపకా నవ్వాడు. పక్కన మడత కుర్చీలో కూర్చున్న అతని భార్య వెల్మా మాత్రం కంగారుగా తమ కారు వైపు చూసింది.

సెయింట్ లూయిస్ కార్వెట్ కార్ల సంఘం వాళ్ళకి అదొక సరదా. అరవై మూడులో ఈ ఊరి ఫ్యాక్టరీలో తయారైన ఆ కారుకి వెనకద్దాలు రెండు, వాటి మధ్య నిలువుగా ఒక బద్ద. చూడ్డానికి మహా ముచ్చటగా ఉండేది గానీ, దాని ధర్మమా అని వెనకాల ఏమొస్తోందో కనిపించి చచ్చేది కాదు. మరుసటి ఏడు కంపెనీ ఆ బద్ద ఎత్తేసింది. దాంతో పాత కార్ల వాళ్ళు కూడా పోలోమని బద్దలు కోయించేసి ఒకే అద్దం బిగించుకున్నారు. తీరా కొన్నేళ్ళకి బద్ద ఉన్న కారే బంగారమై కూర్చుంది! కోసినవాళ్ళు లబోదిబోమన్నారు. కొందరు గుట్టుచప్పుడు కాకుండా మళ్ళీ అతికించుకున్నారు. అలాంటి అతుకు పట్టుబడితే, ఏటా జరిగే కార్ల పండగలో ఆ పెద్దమనిషి మెడలో తుప్పు రంపం వేసి మైదానం చుట్టూ ఊరేగిస్తారు. పోయినేడు పట్టుబడింది డెల్బర్టే.

"నీలాగా పెళ్ళాం పోరు పడలేక కోయించుకున్నాననుకున్నావా?" అన్నాడు ఆర్విల్.

"కోయించింది ఆవిడ. ఊరేగింది నేను. అదీ నా ఖర్మ!"

"అన్యాయం కదూ! కోయించిన చేతికి వెయ్యాలి గానీ, పాపం మొగుడి మెడకెందుకు? ఏమంటావు వెల్మా?"

"మధ్యలో నన్నెందుకు లాగుతావు?" కసురుకుంది వెల్మా.

ఆమె బాధ ఆమెది. పెళ్ళయిన కొత్తలోనే ఆర్విల్ సైన్యంతో జర్మనీ వెళ్ళిపోతూ కారు ఆమెకి అప్పగించాడు. వెనక్కి తీస్తూ పక్కింటివాళ్ళ ఉత్తరాల డబ్బా పడగొట్టింది. తర్వాత పాస్టర్ గారి కంచె. ఇక లాభం లేదని షెడ్డుకి తీసుకెళ్ళి బద్ద కోయించేసింది. వారం తిరక్కుండా మొగుడి దగ్గర్నించి కబురు: 'నిన్నూ, ఆ బద్దనూ తల్చుకోని రోజు లేదు.' వెల్మా మళ్ళీ షెడ్డుకి పరుగెత్తింది. చెత్తలోంచి ముక్కలు ఏరించి, అతికించి, రంగు వేయించింది.

తిరిగొచ్చాక ఆర్విల్ బద్దని పైనుంచి కిందిదాకా వేలితో తడిమాడు. "ఎలా ఇచ్చానో అలాగే ఉంచావు," అని ముద్దు పెట్టుకున్నాడు. ఆ మాట ఆమెని ఇప్పటికీ ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఆ నెలలోనే చేపలు పట్టడానికని కారేసుకుని నది వెంట హానిబల్ అనే ఊరు వెళ్ళాడు. కార్బురేటర్ చెడిందని చెప్పి వారం ఆలస్యంగా వచ్చాడు. కారు మాత్రం తళతళలాడుతూ వచ్చింది. సీటు మీద తను ఒలకబోసిన గోళ్ళరంగు మచ్చ కూడా లేదు. ఎంత శ్రద్ధగా కడిగించాడో అని మురిసిపోయింది. అప్పట్నుంచీ ఆమెకి తాళం ఇవ్వలేదు. పోనీలే, తను ముట్టుకోకపోతే అతుకూ ఊడదనుకుని వెల్మా కూడా అడగలేదు.

కార్లు పరీక్షించి బహుమతి ఇచ్చే జడ్జి హెర్షెల్ వచ్చాడు. పొద్దుట్నుంచీ ఇద్దర్ని పట్టుకున్న మనిషి. టార్చిలైటు బల్ల మీద పెట్టి, వెల్మా చేసిన వెన్న కేకు అందుకున్నాడు. అతను అటు తిరగ్గానే వెల్మా బ్యాటరీలు తీసి సంచీలో వేసుకుంది.

"అరె, వెలగడం లేదే!" అన్నాడు జడ్జి.

"నాది తీసుకోండి సార్!" ఆర్విల్ పరుగున తన టార్చి తెచ్చిచ్చాడు. ఈ మనిషిని ఏం చేసినా పాపం లేదనుకుంది వెల్మా.

"అరవై మూడులో మీరు కొత్తగా కొన్న కారు ఇదేనా?" అడిగాడు జడ్జి.

ఆర్విల్‌కి పొలమారింది. "కేకు ఇంకో ముక్క వేసుకోండి సార్," అన్నాడు దగ్గుతూనే.

జడ్జి కార్లోకి దూరాడు. చిన్న అద్దం పెట్టి బద్ద లోపలివైపు చూస్తున్నాడు. గోటితో గీకుతున్నాడు. డెల్బర్ట్ తాడు సవరించుకుంటున్నాడు. వెల్మా మొగుడి చొక్కా పట్టుకుని లాగింది.

"ఇంటికి పోదాం పద. నీకొకటి చెప్పాలి."

"ఇన్నేళ్ళు ఆగినదానివి, ఇంకో నిమిషం ఆగలేవా?"

"నీ పరువు పోతుందయ్యా!"

"నా పరువుకేం, నిక్షేపంలా ఉంది."

జడ్జి బయటికి వచ్చి నోరు తెరవబోయాడు. జనం దగ్గరికి జరిగారు. రంపంతో ఊరేగే మొగుడు కళ్ళముందు మెదిలేసరికి వెల్మా ఇక ఉండబట్టలేకపోయింది.

"ఆగండి! ఆ రంపం ఆయనకి కాదు, నా మెడలో వెయ్యండి. ఆ బద్ద కోయించింది నేనే!"

జడ్జి కళ్ళజోడు తీసి ఆమెని వింతగా చూశాడు.

"అదేమిటమ్మా! దీనికి రంపం తగలనే లేదు. ఫ్యాక్టరీలో ఎలా పోత పోశారో అలాగే ఉంది. బహుమతి మీదే."

జనం గొల్లుమన్నారు. "మొగుడి కోసం ఎంత అబద్ధానికైనా సిద్ధపడింది మహాతల్లి!" అని డెల్బర్ట్ రంపం కింద పడేసి చప్పట్లు కొట్టాడు. వెల్మా నమ్మలేక బద్ద వైపు చూసింది. కోస్తుంటే పక్కనే నిలబడి తన కళ్ళతో చూసింది కదా!

ఆర్విల్ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి చెవిలో గొణిగాడు.

"నువ్వు కోయించిన కారుని హానిబల్లో వెనక్కి తీస్తూ ఏనాడో నదిలో ముంచేశానే, పిచ్చిదానా! ఇది వేరేది."