గోరువంక పంతులమ్మ తరగతి

ఆ ఏడు అడవిలో వానల్లేవు. బడికి గింజలు చాలడం లేదని, బడిపెద్ద ఎలుగుబంటి పిల్లల తల్లిదండ్రులందరినీ పిలిచి పాటల తరగతి తీసేస్తానంది. పాటలు నేర్పే గోరువంక పంతులమ్మ తల దించుకుంది.

ముళ్లపందికి మనసు చివుక్కుమంది. నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని ఆ తల్లి లేచి నిలబడింది.

"ఎలుగు మామా, మా పిల్లకి నత్తి. అందరూ నవ్వుతారని మాటే మానేసింది. ఈవిడ దగ్గర పాడుతూ పాడుతూ మళ్లీ నన్ను అమ్మా అని పిలిచింది. పంతులమ్మ తిండికి మా దుంపలిస్తాను. పాట మాత్రం తీసెయ్యొద్దు."

కుందేలు తనూ ఇస్తానంది. ఎలుగుబంటి, "నా తేనె కూడా కలపండి" అంది.

మర్నాడు దుంపలు తెచ్చిన ముళ్లపందికి గోరువంక దండం పెట్టబోయింది.

"మీరు నాకు పెట్టకూడదమ్మా" అని ముళ్లపంది ఆమె కాళ్లకు మొక్కి, పిల్ల పాట అయ్యేదాకా గుమ్మం బయటే కూర్చుని విన్నది.