ఆరో వేలు

ముసలావిడ కళ్ళు తిరిగినట్టు కాపలావాడి మీద వాలిపోవాలి. వాడు మంచినీళ్ళకు పరిగెత్తగానే ముసలాయన పని కానిచ్చేయాలి. ఇదీ పథకం. పట్టుబడితే జైలు, పని కాకుండా ఇంటికెళితే ఆవిడ నోరు. ముసలాయనకి రెండోదంటేనే హడల్.

వాలడం ఆవిడ బ్రహ్మాండంగా వాలింది. ముసలాయన కళ్ళజోడు డబ్బాలోంచి కాస్త రంగు, చిన్న కత్తి తీసి, ఆ ఆర్ట్ గ్యాలరీలో అన్నిటికంటే పేరున్న బొమ్మ దగ్గరికి నడిచాడు. కిటికీ గట్టు మీద చెయ్యి ఆనించి కూర్చున్న ఆడమనిషి బొమ్మ అది. ఆ చేతికి ఆరు వేళ్ళు. చివరిదాన్ని గట్టు రంగుతో కప్పేస్తుండగా కాపలావాడు నీళ్ళగ్లాసుతో వచ్చేశాడు. ఖర్మ, వాడి కాళ్ళు అంత చురుకని ఎవరనుకుంటారు?

ఇద్దర్నీ డైరెక్టరు ముందు నిలబెట్టారు. ఆ ఆరో వేలి మీదే లావుపాటి పుస్తకం రాసి పేరు తెచ్చుకున్న మనిషాయన. బొమ్మ చూసి లబోదిబోమన్నాడు. అందనిదాని కోసం మనిషి పడే తపనే ఆ వేలట. కుంచె ముట్టకుండా కత్తితోనే రంగు పరిచే ఆ మహానుభావుడు, తన గురువు ప్రభావం నుంచి బయటపడింది ఆ వేలితోనేనట. ఎప్పుడో బొమ్మలు మానేసి ఎటో వెళ్ళిపోయాడు గానీ, ఉండి ఈ ఘోరం చూస్తే గుండె పగిలేదట. ముసలాయన గోళ్ళకంటిన రంగు గీక్కుంటూ అంతా విన్నాడు.

డైరెక్టరు భూతద్దం దించి ఫోను అందుకున్నాడు. "రంగు మాత్రం అచ్చం ఆయన కలిపినట్టే కలిపావు. ఎక్కడ నేర్చావీ దొంగవిద్య? అసలెందుకు చేశావు?"

"ఇంట్లో పోరు పడలేక, బాబూ," అన్నాడు ముసలాయన.

పోలీసులొస్తారనేసరికి ముసలావిడ గబగబా ముందుకొచ్చి, డైరెక్టరు బల్ల మీద తన కుడి చెయ్యి పరిచింది.

"ఈయన్నేం అనకండి బాబూ, లాక్కొచ్చింది నేనే. పెళ్ళైన కొత్తలో నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి లెక్క తప్పి గీశారు, అప్పట్నుంచీ కనబడ్డ ప్రతివాళ్ళూ నా చెయ్యి పట్టుకుని వేళ్ళు లెక్కపెట్టేవాళ్ళే."