రెండంగుళాలు పైకి

“ముందువైపు రెండంగుళాలు లేవాలి. తగ్గకూడదు,” అన్నాడు పికప్ ట్రక్కు తెచ్చిన పెద్దాయన.

మెకానిక్ టేపు తీసి ముందు చక్రం దగ్గర ఒకసారి, వెనక చక్రం దగ్గర ఒకసారి కొలిచాడు. ముందు రెండంగుళాలు తక్కువే ఉంది. అయితే అది లోపం కాదనీ, వెనక బరువు వేసినప్పుడు బండి సమంగా నిలబడటానికి తయారుచేసిన వాళ్ళు కావాలనే అలా చేస్తారనీ ఓపిగ్గా చెప్పాడు. మొక్కల నర్సరీ నడిపే మనిషి బండిలో మట్టి బస్తాలూ కుండీలూ ఎప్పుడూ ఉండేవే కదా అని కూడా అన్నాడు. పెద్దాయన అంతా శ్రద్ధగా విని, మళ్ళీ రెండంగుళాలే అన్నాడు.

కుర్రకారు బండి మూతి పైకెత్తించుకుని వీధుల్లో తిరగడం మెకానిక్‌కు కొత్తేమీ కాదు. అరవై ఏడేళ్ళ మనిషికి ఈ సోకేమిటో మాత్రం అంతుపట్టలేదు. పుర్రెకో బుద్ధి అనుకుని జాకీ పెట్టాడు.

పెద్దాయన భార్య గోడవారన కుర్చీలో కూర్చుని ఉంది. ఆ ఇద్దరికీ మాటల్లేవని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. తన కళ్ళజోడు ఎక్కడ పెట్టారో ఆయన్ను అడగమని ఆవిడ మెకానిక్‌తో అంది. ఆయన ఆవిడకు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. బండిలో పెట్టిన సంచిలోనే ఉందని ఆవిడతో చెప్పమని ఆయన మెకానిక్‌తో అన్నాడు. పాపం, అతను అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో చిక్కి, ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేస్తూనే చక్రాలు ఊడదీశాడు.

షాక్ అబ్జార్బర్లు దించి, వాటి నెత్తిన అంగుళం మందం ఇనప దిమ్మలు బిగించాడు. అక్కడ అంగుళం పెడితే బండి ముందు భాగం రెండంగుళాలు లేస్తుంది. చక్రాలు మళ్ళీ ఎక్కించి చూసుకున్నాక అతనికి ఆ పెద్దావిడ సంగతి గుర్తొచ్చింది.

“బాబాయిగారూ, పిన్నిగారికి ఎక్కడం కష్టమవుతుంది. తలుపు కిందున్న మెట్టు కాస్త దించి బిగిస్తాను.”

“దించొద్దు. అసలా మెట్టే పీకెయ్యి.”

మెకానిక్ చేతిలో రెంచి ఆగిపోయింది. “ఆవిడ మీద అంత కక్ష ఏమిటండీ?”

పెద్దాయన అతన్ని బండి వెనక్కి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పుకున్నాడు. మొక్కల ప్రదర్శనలో వాళ్ళ గులాబీకి మొదటి బహుమతి వచ్చింది. అంటుకట్టింది ఆవిడ, మూడేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్నదీ ఆవిడే. వేదిక మీదికి పిలిచింది మాత్రం ఈయన్ని. వెళ్ళి తీసుకుంటే తీసుకున్నాడు, మైకు కనబడేసరికి తన కష్టం గురించి పావుగంట మాట్లాడాడు. ఆవిడ పేరు ఒక్కసారీ తలవలేదు. ఇప్పటికి ఇరవై రెండు రోజులైంది. తప్పయిందని నాలుగుసార్లు చెప్పుకున్నా ఆవిడ మొక్కలకు నీళ్ళు పోస్తూ వినిపించుకోలేదు.

“నలభై ఏళ్ళుగా నా చెయ్యి పట్టుకునే బండెక్కేది. ఇప్పుడు ఆ మెట్టు మీద కాలేసి తనే ఎక్కుతోంది. మెట్టు లేకుండా చేసి, బండి ఎత్తు చేస్తే చచ్చినట్టు నా చెయ్యి పట్టుకోవాలి కదా. చెయ్యి పట్టుకుంటే మాట అదే వస్తుంది.”

అయితే ఇంకో అరంగుళం వేస్తాను, మాట తొందరగా వస్తుందని మెకానిక్ ఏడిపించాడు. పైకి నవ్వాడు గానీ లోపల జాలేసింది. మెట్టు ఊడదీసి, చక్రాల వరస సరిచూసి, ఎదుటివాళ్ళ కళ్ళల్లో పడకుండా హెడ్‌లైట్లు కాస్త కిందికి దించి, బండి బయటికి తెచ్చాడు.

ఆవిడ లేచి వచ్చింది. తలుపు తీసి సీటు వంక చూసింది, నేల వంక చూసింది. పెద్దాయన చెయ్యి సగం ముందుకు సాచాడు. ఆవిడ మెకానిక్ వైపు తిరిగింది.

“నేను బస్సులో వెళ్తానని చెప్పు బాబూ.”

కొరివితో తల గోక్కున్నట్టయింది పెద్దాయన పని. ఉన్న కాస్త తోడూ పోయింది. పొద్దున పక్క సీట్లో మాట్లాడకుండానైనా కూర్చుంది కదా అని గొణిగి, మళ్ళీ మామూలుగా దించెయ్యమని మెకానిక్‌కు చెప్పి, మంచినీళ్ళ కోసం లోపలి గదిలోకి వెళ్ళాడు.

మెకానిక్ ఉసూరుమంటూ జాకీ తేవడానికి కదిలాడు. అంతలో బండిలో ఆవిడ సంచిలోని ఫోన్ మోగింది. ఆవిడ లోపలి గది గుమ్మం వైపు ఒకసారి చూసింది. తలుపు పైనున్న పిడి పట్టుకుని ఒక్క గెంతులో సీట్లోకి ఎక్కేసింది. పనిలో ఉన్నాను, తర్వాత చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేసి, అంతే తేలిగ్గా కిందికి దూకింది. మట్టి బస్తాలు మోసే ఒళ్ళు మరి. మెకానిక్ చూస్తున్నాడని గమనించి కూడా తాపీగా తలుపు మూసింది. అతను జాకీ చేత్తో పట్టుకుని నోరు వెళ్ళబెట్టాడు.

పెద్దాయన మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. బస్‌స్టాప్ దాకా తోడొస్తానని ఆవిడతో చెప్పమన్నాడు. మెకానిక్ నోరు తెరిచేలోపే ఆవిడ బండి తలుపు తీసి, సీటు వంక చూస్తూ నిట్టూర్చింది.

“అందడం లేదండీ, చెయ్యివ్వండి,” అంది.