మంగళవారం చార్జింగు

డామినో ఆట మంచి పట్టులో ఉండగా వీధంతా కరెంటు పోయింది. ఫెర్మిన్ గారి వసారాలో ఫ్యాను ఆగింది. లోర్నా ముఖం వాడిపోయింది.

అమెరికాలో రిటైరై, మెక్సికోలో ఈ చపాలా సరస్సు ఒడ్డున స్థిరపడ్డ మనిషి ఆవిడ. ఇక్కడి డబ్బు పెసో బలపడ్డప్పుడల్లా ఆవిడ డాలర్ల పెన్షను చిక్కిపోతుంది. పైగా ఇక్కడ ఇంటి వాడకం హద్దు దాటితే కరెంటు రేటు అమాంతం పెరుగుతుంది. ఒక్క బల్బు, ఒక్క ఫ్యానుతో ఒంటరిగా గడిపే ఫెర్మిన్ గారికి ఆ బెంగ లేదు. అందుకే ఆవిడ ఎలక్ట్రిక్ కారు ప్రతి మంగళవారం ఈ ఇంటికి చార్జింగుకు వస్తుంది. బదులుగా ఆవిడ 'ఆపిల్ పై' అనే తీపి వంటకం తెస్తుంది. కారు నిండేదాకా ఇద్దరికీ ఆట.

"ఇప్పుడిప్పుడే రాదులెండి. ఇంకా కూర్చుని ఏం చేస్తారు లోర్నమ్మ గారూ," అన్నారాయన, బిళ్లలు పెట్టెలో వేస్తూ.

"ఓడిపోయేటప్పుడే మీకు ఇలాంటి మర్యాదలు గుర్తొస్తాయి. నేను కదలను."

"మరి కారు?"

ఆవిడ తల దించుకుంది. "అది నిండుగానే ఉంది. మా డాబా మీద సోలార్ పలకలు వేయించి చాన్నాళ్లయింది. ఊరికే వస్తే ఏమనుకుంటారోనని ఇక్కడ ప్లగ్గు పెడుతున్నాను."

ఫెర్మిన్ గారు పగలబడి నవ్వారు. పెట్టె బోర్లించి బిళ్లలన్నీ మళ్లీ బల్ల మీద పోశారు.

"బతికించారండీ! ఆ ప్లగ్ పాయింటు కాలిపోయి రెండు నెలలైంది. కారు నిండట్లేదని మీరెప్పుడు కనిపెడతారో, ఎప్పుడు రావడం మానేస్తారోనని మంగళవారం వస్తే చాలు, హడలి చస్తున్నాను."