ఏడో నంబరు పురుగు

“ఈ పెట్టె ముట్టుకున్నదెవరయ్యా?”

పురుగుల శాస్త్రవేత్త వెంకటాచలపతి అరుపుకి వాచ్‌మన్ బసవయ్య పరుగెత్తుకొచ్చాడు. కరెంటు లేదు. మామిడితోట మధ్య ల్యాబులో పెట్రోమాక్స్ ఒక్కటే బుస్సుమంటోంది.

ఆ పెట్టెలో నంబర్లు వేసి సూదులకు గుచ్చిన తల్లిపురుగులు, అంటే రెక్కలొచ్చిన పురుగులు, ఉన్నాయి. వాటిలో రెండు జాతులు. రెక్కలు చూస్తే రెండూ ఒకటే. పొట్ట చివర కోసి మైక్రోస్కోపులో చూస్తేనే, మామిడికాయని తొలిచే జాతి ఏదో తేలుతుంది. తేల్చకపోతే రేపు తోటలన్నిటికీ తప్పు మందు కొడతారు. ఏడో నంబరుని ఆయన నిన్ననే కోశాడు. కోసిన ముక్క గాజుగొట్టంలో భద్రంగా ఉంది. పెట్టెలో చూస్తే ఏడో నంబరు పొట్ట అసలు కోయనట్టే నిండుగా ఉంది.

“తాళంచెవి మీ జేబులోనే ఉంది కదండీ,” అన్నాడు బసవయ్య.

“అంటే నేనే మార్చానా? పో అవతలికి!”

పళ్లు కొరుకుతూ మళ్లీ కోశాడు. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూశాడు. నిన్న తన బ్లేడు జారి పడిన గీత రెండో ముక్క మీద కూడా, సరిగ్గా అదే చోట ఉంది.

పెట్టెలో రెక్కలు టపటపలాడాయి. ఏడో నంబరు పొట్ట మళ్లీ నిండుగా ఉంది.

“నాతోనా నీ ఆటలు!” కసిగా మూడోసారి బ్లేడు అందుకున్నాడు. చొక్కా కింద, పొత్తికడుపు మీద, అప్పటికే రెండు బ్లేడు గీతలు మండుతున్నాయి.