దానంతటదే

ఇంటావిడ గోడ పెట్టె మీది ఆకుపచ్చ బటన్ నొక్కింది. మోటారు ఉలకలేదు, పలకలేదు.

మళ్ళీ నొక్కింది. ఈసారి గట్టిగా. గట్టిగా నొక్కితే వింటుందని అందరికీ ఓ నమ్మకం.

“ఏవండీ, మోటారు చచ్చింది.”

“పొద్దున్నే ఆ మాటలేంటి? కరెంటు ఉందేమో చూడు.”

“మీరు కూర్చున్నదే ఫ్యాను కింద.”

ఇంటాయనకు బజారులో చెప్పుల కొట్టు. ఆవిడకు ఆఫీసు. పగలంతా ఇంట్లో ఉండేది మంచం పట్టిన ఆయన తల్లి ఒక్కతే. ఆమెకు రెండు పూటలా ఒళ్ళు తుడవాలి, గుడ్డలు జాడించాలి. అసలే ఎండాకాలం. ట్యాంకులో నిన్నటి నీళ్ళు మధ్యాహ్నం దాకా వస్తే గొప్ప.

ఇంటాయన కొట్టు తెరవడం మానుకుని మెకానిక్‌ను పట్టుకొచ్చాడు.

మెకానిక్ ముందు ఫ్యూజు చూశాడు. ఎగిరిపోయి ఉంది. కొత్త తీగ కట్టి బటన్ నొక్కాడు. టప్‌మని అదీ ఎగిరింది. పంపును చేత్తో తిప్పబోయాడు. కదల్లేదు. చివరికి వంగి మోటారు దగ్గర ముక్కు పెట్టాడు.

“కాలిపోయింది సార్.”

“కాలడమేంటయ్యా, బంగారంలాంటి మోటారు.”

“బావిలోకి చూడండి.”

ఇంటాయన తొంగి చూశాడు. అడుగున రాత్రి ఊరిన నీళ్ళు చెంబెడున్నాయేమో.

“బావి ఎండిపోయినా తిరుగుతూనే ఉంది. ఎవరూ ఆపలేదా?”

ఇంటాయన నవ్వాడు. “ఆపడానికి మనిషెందుకు? మాది ఆటోమేటిక్.”

గోడకున్న పెట్టెను చూపించాడు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ మంచినీళ్ళకంటే ముందు చూపించే పెట్టె అది.

“నొక్కడం వరకే మా పని. ట్యాంకు నిండగానే దానంతటదే ఆగిపోతుంది. రెండేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు.”

మెకానిక్ తల గోక్కున్నాడు. “సరే, ఆ వెనక గేటు తియ్యండి. మోటారు అటునుంచి బయటికి లాగుదాం.”

ఆవిడ తాళంచెవి తెచ్చింది. తాళం కొత్తది, ఇంకా నూనె వాసన పోలేదు.

“గేటుకు తాళమెందుకమ్మా?”

“దొంగభయం,” అంది ఆవిడ. “మొన్ననే వేశాం.”

మిగతాది ఇంటాయన అందుకున్నాడు. “వెనక సందులో అద్దెగది ఉందిలే. అందులో గొణుగుడు తాత అని ఒక ముసలాడు ఉండేవాడు. మాట బయటికి రాదు, నోట్లోనే నములుతాడు. మొన్న నేను కొట్టు మూసి ఇంట్లోనే ఉన్నాను. పిల్లిలా గేటు తెరుచుకుని లోపలికొచ్చి ఈ పెట్టె మీద చెయ్యేశాడు.”

“ఎందుకట?”

“రాగితీగ కోసం, ఇంకెందుకు? అడిగితే మోటారు, మోటారు అని గొణిగాడు. ఏకంగా మోటారుకే ఎసరు పెట్టాడన్నమాట. వాడి అదృష్టం, సరిగ్గా అప్పుడే మోటారు దానంతటదే ఆగింది. లేకపోతే షాకు కొట్టి చచ్చేవాడు.”

“నాలుగు తగిలించారా?”

“ఛ, పెద్దవాడు. గది ఓనరు చెవిన ఒక్క మాట వేశాను. తెల్లారేసరికి ఖాళీ చేయించాడు. చాప చుట్టుకుని పోయాడు.”

“ఎక్కడికి?”

“ఎవరికి తెలుసు? పీడ విరగడైంది.”

గేటు తెరుచుకుంది. మెకానిక్ సందులో కాలు పెట్టి వెంటనే వెనక్కి లాక్కున్నాడు. ఖాళీ గది ముందంతా బురద.

“వాన పడిందా సార్?”

“మబ్బు మొహం చూసి ఎన్నాళ్ళయిందో.”

మెకానిక్ తలెత్తాడు. ట్యాంకు నిండితే నీళ్ళు పొర్లిపోయే గొట్టం సరిగ్గా ఆ గది గుమ్మం మీదికే ఉంది. వెనక్కి వచ్చి గోడ పెట్టె మూత విప్పాడు.

లోపల సాలెగూడు. అదీ పాతదే.

“ట్యాంకు నుంచి దీనికి వైరు రావాలి సార్. ఏదీ?”

“ఏదీ అంటే?”

“అసలు లాగనే లేదు.”

ఇంటాయనకు అప్పుడు గుర్తొచ్చింది. పెట్టె బిగించినవాడు వైరు రేపు లాగుతానని పోయాడు. ఆ రేపు మోటారు దానంతటదే ఆగింది. ఆగుతోంది కదా అని ఈయన వాణ్ణి పిలవలేదు. పిలవలేదు కదా అని వాడూ రాలేదు.

“మరి ఇన్నాళ్ళూ ఎలా ఆగింది?” అంది ఆవిడ.

మెకానిక్ కూర్చుని మోటారు బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

“మళ్ళీ వైండింగ్ చుట్టాలమ్మా. కొన్నాళ్ళు పడుతుంది.”

“అందాకా నీళ్ళు?”

“మోసుకోవడమే.”

పెరటి కిటికీలోంచి ముసలావిడ గొంతు వినిపించింది. ఆమె మంచం ఆ కిటికీకి ఆనించే ఉంటుంది. ఆమెకు మిగిలిన లోకమల్లా ఈ పెరడు, ఈ గేటు.

“నిన్నంతా మోటారు అరిచి అరిచి ఊరుకుందిరా. ఆపండర్రా అని నేనూ అరిచాను. నా గొంతు గోడ దాటితేగా.”

“రాత్రి నాకెందుకు చెప్పలేదమ్మా?”

“నువ్వు నా దగ్గర కూర్చుంటేగా చెప్పడానికి. ఆ మనిషిని మానిపించావు, ఇంకొకణ్ణి చూసుకునే ఉంటావనుకున్నాను.”

“ఏ మనిషిని?”

ముసలావిడ కొడుకు మొహంలోకి చూసింది.

“అదేంట్రా, రోజూ ట్యాంకు నిండగానే వచ్చి మోటారు ఆపి, నాకేమైనా కావాలా అని ఈ కిటికీలోంచి అడిగి పోయే ఆ పెద్దాయన్ని నువ్వే పెట్టావనుకున్నాను,” అంది.